ఓడ అడుగున రంధ్రము

ఈ తీరమున తెప్ప నడిపిన పూర్వపు జాలరికి లేని భయమొకటి నేటి పడవవానికి కలదు. అది పడవకు కడుపుండుట వలన పుట్టిన భయము. తేలిక దుంగలను త్రాళ్లతో బిగించి కట్టిన తెప్పకు లోపల యనునది లేదు గనుక పైకెక్కిన నీరు సందులగుండ తిరిగి పోవును. గట్టు చేరిన పిదప కట్లు విప్పి దుంగలను ఇసుకమీద ఆరవేసినచో దాని మరమ్మతు ముగిసినట్లే. మనుష్యుడు పలకలు కూర్చి కడుపుగల ఓడను నిర్మించి, ఆ కడుపులోనికి నీటిబొట్టు చొరకుండ కాపాడుటకు తన నైపుణ్యమునంతయు వెచ్చించి, ఇంజనును చల్లార్చుటకు సముద్రజలము కావలసివచ్చినందున తుదకు తానే దాని అడుగున రంధ్రము తొలిచినాడు. ఆ రంధ్రమున బిగించిన లోహపు గొట్టమును, దానిని లోపలినుండి మూసి తెరచు వాల్వును గూర్చి ఈ వారము వ్రాయదలచితిని.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు తూర్పు తీరమున యంత్రపు పడవల వేటకు నిషేధము. ఆ 61 దినములలో సూర్యలంకనుండి నిజాంపట్నము రేవునకు పోయి చూచితిమేని, సంవత్సరమంతయు నీటిలో దాగియుండు పడవ అడుగుభాగములు గట్టుమీద ఎండలో కానవచ్చును. 1606లో డచ్చివారును, 1611లో ‘గ్లోబు’ ఓడలో ఆంగ్లేయులును వచ్చి వర్తకమునకు దిగిన పాత పెద్దపల్లి ఇదియే. వారి కర్ర ఓడలకును ఉప్పునీరే శత్రువు.

మొన్నటి వేసవిలో నాకు పరిచితుడైన యొక పడవ యజమాని తన పడవ వాల్వులను మార్పించుచుండగా నేను ప్రక్కన కూర్చుంటిని. మేస్త్రీ పాత గొట్టపు అంచును చిన్న సుత్తితో తట్టెను. కంగుమనవలసిన లోహము, పగిలిన కుండవలె మొద్దుగా పలికెను. కత్తిమొనతో గీచినంతనే పై పొర క్రింద లేత గులాబిరంగు బయటపడెను.

“పచ్చగా చిలుము పట్టిందనుకోండి మాస్టారూ, ప్రాణం ఉన్నట్టే. ఇట్టా ఎర్రబారిందంటేనే భయం. పైకి ఇనప్పెట్టెలా ఉంటది, లోపల బెల్లపచ్చే,” అనెను.

అది కంచు కాదు, ఇత్తడి. నాలుగేండ్ల క్రిందట ఒక దుకాణమున కంచని నమ్మబలికి అమ్మిన సరకు. ఆ మాట విన్నప్పుడు యజమాని ముఖమున కనిపించిన రంగును నేను మరువలేను; ఆ నాలుగేండ్లును అతని కొడుకు ఆ పడవలోనే నిద్రించినాడు.

చింతపండు పులుసులో రాత్రంతయు మరచిన ఇత్తడి చెంబు తెల్లవారునప్పటికి ఎర్రబారుట మన యిండ్లలో ఎల్లరెరిగినదే. కడలిలో జరుగునదియు అట్టిదే, కాని లోతుగా, ఏండ్ల తరబడి. రాగి 60 పాళ్లు, తుత్తునాగము 40 పాళ్లుగల ఇత్తడినుండి ఉప్పునీరు తుత్తునాగమును మెల్లమెల్లగా హరించుకొనిపోవును. మిగిలిన రాగి తేనెపట్టువలె బోలై, ఆకారము చెడకయే సత్తువ కోల్పోవును. రాగి 88, తగరము 10, తుత్తునాగము 2 పాళ్లుగా పోసిన గన్‌మెటలు కంచునకు ఈ దుర్గతి పట్టదు. ఇనుము తుప్పు రాల్చి ముందుగా హెచ్చరించును, ఇత్తడి హెచ్చరింపదు. కావున చూపునకు బాగున్నదని దానిని ఉంచుకొనుట తగదని నా దృఢాభిప్రాయము. ఒకటిన్నర అంగుళపు రంధ్రము రెండడుగుల లోతున తెరచుకొన్నచో నిమిషమునకు నూరు లీటర్లకు మించి నీరు లోనికి దూకును.

పాతదానిని రంపముతో కోసి బయటికి తట్టిన పిదప మేస్త్రీ తొందరపడలేదు. రంధ్రపు అంచులను వ్రేలితో తడిమి, మెత్తబడిన కర్రను చెక్కివేసి, గట్టికర్రతో వెడల్పైన దిమ్మను చేసి లోపల వెనుకదన్నుగా అమర్చెను. క్రొత్త గొట్టపు మరలును వాల్వు మరలును ఒకే జాతివి కావలెను. ఒకటి తిన్ననిదై రెండవది కొసకు సన్నగిల్లినదైనచో రెండు మూడు చుట్లు మాత్రమే పట్టి, బిగిసినట్లు భ్రమ గొల్పును. అతడు ముందుగా పూత లేకయే బిగించి, చుట్లు లెక్కించి, విప్పి, అప్పుడు జిగురు పూసెను. అంచు చుట్టును జిగురు ఒకే మందమున ఉబికి వచ్చువరకు బిగించి ఆగెను. గొట్టమునకు వరుసగా పిడి నిలిచిన తెరచినట్లు, అడ్డముగా నిలిచిన మూసినట్లు. చీకటిలో చేయి తాకినను తెలియవలె ననుటయే దాని సుగుణము.

గాలితో నడచు ఓడలకును ఈ బాధ తప్పదు. విశాఖపట్నపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మొదలగు ఆర్గురు నౌకాదళ వనితలు 2017 సెప్టెంబరులో గోవానుండి బయలుదేరి 2018 మేలో మరలి వచ్చిన ‘తారిణి’ తెరచాప ఓడయే. భూగోళమును చుట్టివచ్చిన అట్టి ఓడల చరిత్ర చదువునపుడెల్ల నా మనస్సు తెరచాపలమీదికి గాక అడుగున మోకాళ్లూని వాల్వు తడుముచుండు చేతులమీదికే పోవును.

నిషేధము ముగియుటకు రెండు దినముల ముందు పడవను నీటిలోనికి దింపిరి. అందరును పైన కేకలు వేయుచుండగా మేస్త్రీ టార్చిలైటుతో అడుగునకు దిగి, ప్రతి వాల్వు చుట్టును పాత వార్తాపత్రిక ముక్కను అద్ది, గంటసేపు కదలక కూర్చుండెను. తరువాత ఆ కాగితములను పైకి తెచ్చి యజమాని అరచేతిలో పెట్టెను. అవి పొడిగనే యుండెను. యజమాని వాటిని మడిచి జేబులో నుంచుకొని, వాల్వునకొకటి చొప్పున చెక్కించిన మెత్తకర్ర బిరడాలను త్రాటితో కట్టుటకు తానే దిగెను.