పచ్చగా కనబడేదంతా అడవేనా?

మన కథల మీద, కవితల మీద సమీక్షలు రాసుకుంటాం. మన బతుకు లెక్కలు వేసే పుస్తకాల్ని మాత్రం అధికారుల సంగతిలే అని పక్కన పెట్టేస్తాం. అలా మేం ఇన్నాళ్లూ పక్కన పెట్టిన పుస్తకం ఒకటుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ సుమారుగా రెండేళ్లకోసారి తెచ్చే అడవుల స్థితి నివేదిక అది. మొదటిది 1987లో వచ్చింది. ఇప్పుడు దాన్ని ఒక రచనగా చదివి చూద్దాం అనుకున్నాం.

చదవడానికి కారణం ఒక పిల్ల అడిగిన ప్రశ్న. 2021 నివేదిక 2022 జనవరిలో విడుదలైంది. అడవి విస్తీర్ణం పెరగడంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానమని, 647 చదరపు కిలోమీటర్లు పెరిగిందని, 632తో తెలంగాణ రెండో స్థానమని పేపర్లో వచ్చింది. తరగతిలో ఆ వార్త చదివి వినిపించాం. "అడవి పెరిగితే మా అమ్మ అడ్డాకులకి అంత దూరం ఎందుకెళ్తోంది మాస్టారూ?" అంది వెనక బెంచీ పిల్ల. అప్పుడు మా దగ్గర జవాబు లేదు.

జవాబు ఆ పుస్తకంలోనే ఉంది. అడవి అంటే ఏమిటో వాళ్లు ముందే చెప్పుకున్నారు. ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు, అంతకు మించిన నేలలో చెట్ల కొమ్మల నీడ పదో వంతు ఉంటే చాలు, అది అడవి కిందికి వస్తుంది. ఆ నేల ఎవరిదన్నది చూడరు. ఏ చెట్టన్నది చూడరు. ఆ లెక్కన జీడిమామిడి తోట అడవే. జామాయిల్ ప్లాంటేషనూ అడవే. సిల్వర్ ఓక్ నీడలో పెంచే మన కాఫీ తోటా అడవే. కాఫీ మీద మాకు కోపం లేదు, మన్యంలో ఎన్నో ఇళ్లకు అది కూడు పెడుతోంది. కానీ సిల్వర్ ఓక్ కింద అడ్డతీగ పాకదు, కరక్కాయ రాలదు. ఉపగ్రహం పైనుంచి ఆకును చూస్తుంది. ఆ ఆకు కింద మొలకలున్నాయా, లాంటానా కంప కమ్మేసిందా అన్నది దానికి కనబడదు.

అయినా నివేదిక అబద్ధం చెప్పిందనడం అన్యాయం. లోపలి పేజీలు ఓపిగ్గా చదివితే అది నిజాన్ని దాచలేదు. ఆ రెండేళ్లలో దేశం మొత్తం మీద అడవి 1,540 చదరపు కిలోమీటర్లు పెరిగిందన్న పుస్తకమే, ఒక మోస్తరు దట్టమైన అడవి 1,582 తగ్గిందనీ, పలచటి అడవి 2,621 పెరిగిందనీ చెప్తుంది. గిరిజన జిల్లాల లెక్క వేరే ఇచ్చారు. రికార్డుల్లో అడవిగా ఉన్న నేలలో 655 తగ్గింది, దానికి బయట 600 పెరిగింది. మా పిల్ల ప్రశ్నకు జవాబు ఈ రెండు అంకెల్లో చాలావరకు ఉంది. మేం చదివిన వార్తలో ఆ అంకెలు లేవు.

మాకున్న పెద్ద అభ్యంతరం ఇంకొకటి. ఏళ్ల తరబడి ఒకదాన్ని గమనించాలంటే కొలబద్ద ఒక్కటే ఉండాలి. మొదటి నివేదికకు ఉపగ్రహ చిత్రాల్ని మనుషులు కంటితో చూసి గుర్తించారు. 2001 నుంచి దేశమంతటికీ కంప్యూటర్ మీద, ఇంకా చిన్న ముక్కలు కూడా తెలిసేలా చేస్తున్నారు. పద్ధతి మెరుగుపడింది, మంచిదే. కానీ ఒకసారి మూరతోను, ఇంకోసారి గజంతోను కొలిచి గుడ్డ పెరిగిందంటే ఎలా? 1987 అంకె పక్కన నేటి అంకె పెట్టి మాట్లాడేవాళ్లు ఈ సంగతి చెప్పి తీరాలి.

పోడు విషయం చూడండి. కొండవాలును కొన్నేళ్లు బీడు వదిలితే పచ్చబడుతుంది, లెక్కలో చేరుతుంది. మళ్లీ కొడితే నష్టం కింద రాస్తారు. రెండేళ్లకోసారి తీసే బొమ్మకు కొట్టిన ఏడు కనబడుతుంది గాని, కొట్టి వదిలి మళ్లీ కొట్టే చక్రం కనబడదు. అదే నేలలో జామాయిల్ నాటితే మాత్రం లాభం కిందే రాస్తారు.

ఇంతవరకు వాళ్ల తప్పులు. మనవీ చూసుకోవాలి. మన కథల్లో అడవి ఎప్పుడూ "ఒకప్పుడు" దట్టంగా ఉండేది. ఎప్పుడు? ఏ కొండ మీద? తాత చెప్పాడంటాం. తాత ఏ ఏడు చెప్పాడో, ఏ ఊట గురించి చెప్పాడో రాయం. మేమూ అలాగే రాశాం. ఆ బాధ నిజమే, కానీ తేదీ లేని బాధను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వాళ్ల పుస్తకంలో అంకెలున్నాయి, మనుషులు లేరు. మన పుస్తకాల్లో మనుషులున్నారు, అంకెలు లేవు.

నిజానికి గమనించడం మనకు కొత్త కాదు. మామిడి కొత్త చేసేదాకా కాయ ముట్టకూడదన్న కట్టుబాటు ఉంది. కాయ ముదిరిందా లేదా అని ఊరంతా చెట్టు వైపు చూసే ఏర్పాటు అది. అలా చూసింది రాసిపెట్టడమే మనకు లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారం గ్రామసభకిచ్చింది. గడువు కోసం ఒకసారి నింపి బీరువాలో పెట్టిన రిజిస్టరు జాబితా అవుతుంది గాని పరిశీలన అవదు. ఏటా అదే చోట, అదే కాలంలో, అదే పద్ధతిలో రాయాలి.

మా బడిలో ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాం. అందులో రాసేవి నాలుగే: మామిడి కొత్త ఏ రోజు చేశారు, అడ్డాకులకి ఎంతసేపు నడిచారు, ఊరి ఊట ఏ నెలలో ఎండింది, గిరిజన సహకార సంస్థకు చింతపండు, కరక్కాయ ఎన్ని కిలోలు అమ్మారు. రెండో ప్రశ్నకు జవాబు రాసేది ఆ వెనక బెంచీ పిల్లే. ఒక ఏడు అంకెతో ఏమీ తేలదు, పదేళ్లు కావాలి. మా బదిలీ అయినా పుస్తకం ఊళ్లోనే, గ్రామసభ దగ్గరే ఉండాలని మాట తీసుకున్నాం.

ఈ సంకలనం చదివే ఆదివాసీ రచయితలకు ఒక్క మనవి. వచ్చే కథలో ఊట ఎండిందని రాసేముందు ఆ ఊట పేరు, ఎండిన నెల, ఏడు కనుక్కుని రాయండి.