‘ఖానూనె ఇస్లాం’ : చెప్పింది ఎవరు? అడిగింది ఎవరు?

విజయవాడ వన్ టౌన్‌లోని ఇస్లాంపేట, వించిపేట, పంజా సెంటర్ ప్రాంతాల ముస్లిముల ఆచార వ్యవహారాలను గూర్చి వ్రాయదలచిన పరిశోధకుడు తప్పక తెరచి చూడవలసిన పాత గ్రంథాలలో ‘ఖానూనె ఇస్లాం’ ఒకటి. ఇది 1832లో లండనులో వెలువడింది. రచయిత జాఫర్ షరీఫ్ ఉప్పు ఏలూరు వాడు. నేటి ఏలూరే అది. విజయవాడకు దాదాపు 60 కిలోమీటర్ల దూరం. ఆయన దక్కనీలో వ్రాసిన దానిని మద్రాసు సర్కారు సర్జన్ హెర్‌క్లాట్స్ ఆంగ్లంలోకి అనువదించాడు. మన పొరుగువాడు వ్రాసిన పుస్తకం గనుక అందులోనిదంతా మన విషయమేనని అనుకోవచ్చునా?

ముందుగా దాని ఘనతను ఒప్పుకోవాలి. 1831లో హిందూస్థాన ముస్లిములను గూర్చి ఫ్రెంచిలో వ్రాసిన గార్సాఁ ద తాసీ ఏనాడూ ఈ దేశంలో అడుగు పెట్టలేదు. పుస్తకాలే ఆయనకు ఆధారం. 1832లోనే గ్రంథం ప్రకటించిన మిసెస్ మీర్ హసన్ అలీ లక్నో ముస్లిం కుటుంబపు కోడలు. ఆమె ప్రధానంగా చూచింది అక్కడి షియా గృహాలను. హెర్‌క్లాట్స్ మార్గం వేరు. ఆ సమాజపు మనిషి చేతనే, పుట్టుక మొదలు మరణం వరకు గల ఆచారాలను వ్రాయించాడు. ఉడుపులు, నగలు, వాద్యాలు, ఆటలు మొదలైన వాటి వివరాలను అనుబంధంలో చేర్చాడు. నూట తొంభై ఏండ్లు గడచినా ఆ పదసంపద విలువ తగ్గలేదు.

అయితే ముఖపత్రం మీదనే ఒక మాట ఉన్నది: ఈ గ్రంథం హెర్‌క్లాట్స్ నిర్దేశంలో రచింపబడినది. అంటే జవాబు జాఫర్ షరీఫ్‌ది, ప్రశ్న వైద్యునిది. మొహర్రం వేడుకలు, తాయెత్తులు, జిన్నులను వదిలించే తంతులు అన్నన్ని పుటలు ఆక్రమించడం చూస్తే, దొరలకు ఏది వింతగా తోచేదో అది పెద్దదయిందేమో అన్న అనుమానం కలుగక మానదు. పైగా రచయిత ఖురైషీ వంశీకుణ్ణని చెప్పుకొన్న మున్షీ. పురుటింటి సంగతులు ఆయనకు ఏ స్త్రీ చెప్పింది? తెలుగే ఇంటి భాషగా గల దూదేకులవారి ముంగిట ఆయన కూర్చున్నాడా? గ్రంథం వీటికి బదులు చెప్పదు.

1921 నాటి ముద్రణతో చిక్కు మరింత పెరిగింది. ఉత్తర హిందూస్థానంలో సివిల్ సర్వీసు చేసిన విలియం క్రూక్ ప్రకరణాలను మార్చి, ఇతర ప్రాంతాల సమాచారాన్ని కలిపాడు. ఆ ప్రతిని మాత్రమే చూచి ‘జాఫర్ షరీఫ్ ఇలా అన్నాడు’ అని వ్రాసేవారు, ఆయన అనని మాటను ఆయనకు అంటగట్టే ప్రమాదం ఉన్నది. హదీసు విద్య తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. మతన్ ఎంత చక్కగా ఉన్నా, సనద్ తెగితే రివాయత్ బలహీనమే. సుమారు 1030లో హిందువులను గూర్చి గ్రంథం వ్రాసిన అల్ బీరూనీ, విన్నదానికీ కన్నదానికీ గల తేడాను చర్చించిన తరువాతనే విషయంలోకి ప్రవేశించాడు. సంస్కృతం నేర్చి, పండితులను అడిగి, వారి గ్రంథాలతో సరిచూచాడు.

నేడు వన్ టౌన్‌కు వచ్చే పరిశోధకునికీ ఇదే పద్ధతి శ్రేయస్కరం. ఒకే నికాహ్ తంతును గూర్చి మసీదు ఇమాము ఒకటి చెప్పవచ్చు, ఇంటి పెద్దమ్మ మరొకటి చెప్పవచ్చు, దూదేకుల పెద్ద ఇంకొకటి చెప్పవచ్చు. ఇమాము షరీఅత్ చెబుతాడు, పెద్దమ్మ రివాజు చెబుతుంది; రెండూ సాక్ష్యాలే, కాని రెండూ ఒకటి కావు. మూడింటినీ కలిపి ఒక ‘ముస్లిం ఆచారం’ తయారు చేయరాదు. ఎవరు, ఎప్పుడు, ఎవరికి చెప్పారో పక్కనే వ్రాయాలి. పంజా సెంటర్ పేరు వినగానే పీర్ల పంజా తలపునకు రావచ్చు. పేరును బట్టి చరిత్ర వ్రాయక, అక్కడి పాతకాపులను అడగాలి. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 6వ ఆయత్, నమ్మదగనివాడు తెచ్చిన వార్తను విచారించి తెలుసుకొమ్మని హెచ్చరించడానికి కారణం, తెలియక ఒక జనానికి హాని చేయకూడదనే.

ఆ హాని ఊహామాత్రం కాదు. 1909లో థర్‌స్టన్, రంగాచారి ప్రకటించిన ఏడు సంపుటాల కులవర్ణన, దూదేకులవారు పేరుకు ముస్లిములైనా అనేక హిందూ ఆచారాలు పాటిస్తారన్న ముద్ర వేసింది. తరువాతి రచనలు దానినే తిరిగి ఎత్తి వ్రాశాయి. ఆ వాడల పిల్లలు చదువుకొని, తమను గూర్చి ఇతరులు వ్రాసినది చదువుతున్న రోజులివి. జాఫర్ షరీఫ్ గ్రంథాన్ని గౌరవించవలసిందే, కాని ఒక సాక్షిగా గౌరవించాలి. తీర్పు చెప్పే ముందు మిగిలిన సాక్షులను కూడ పిలవాలి.