జవాబు సరి, లెక్క తప్పు

ఒక విద్యార్థికి గణితములో నూటికి 80 మార్కులు వచ్చినవి. అతనికి ఆ గణితము వచ్చినదని చెప్పవచ్చునా? ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పరీక్షాధికారులు అందరును వచ్చినదనియే తలచెదరు. ఈ నమ్మకమును గట్టిగా ప్రశ్నించిన రచన ఒకటి 1973లో అమెరికాలో వెలువడినది. బాలల గణిత ప్రవర్తనకు సంబంధించిన ఒక పత్రికలో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అను పరిశోధకుడు ప్రకటించిన ఆ వ్యాసము ఒకే ఒక బాలుని గూర్చినది. అర్ధ శతాబ్ది గడచినను గణిత బోధనను గూర్చి ఆలోచించువారు దానిని ఇంకను చదువుచున్నారు. హైస్కూలు ఉపాధ్యాయులు దానిని ఎందుకు చదువవలెనో, చదివి ఎంతవరకు అంగీకరింపవలెనో పరిశీలించుట అవసరము.

ఎవరి వేగమున వారు

1960ల దశకములో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయములో ఒక బోధన పద్ధతి రూపొందినది. తరగతిలోని పిల్లలందరును ఒకే వేగముతో నేర్చుకొనజాలరు. కనుక ఎవరి వేగమున వారు ముందుకు సాగవలెనని దాని ఆశయము. గణితమును అనేకములైన చిన్న మెట్లుగా విభజించినారు. ప్రతి మెట్టునకును అభ్యాస పత్రములు, పరీక్షలు ఉండును. విద్యార్థి తనంతట తాను పత్రమును పూర్తి చేయును. జవాబుల పట్టికతో దానిని సరిచూతురు. నూటికి సుమారు 80 వంతులు సరియైనచో విద్యార్థి తరువాతి మెట్టునకు పోవును. ఉపాధ్యాయుడు తరగతికంతకును పాఠము చెప్పుట తక్కువ. సహాయము కోరి వచ్చినవారికి చెప్పుట ఎక్కువ.

ఈ ఆశయమును తప్పు పట్టుటకు వీలులేదు. అరవై మంది పిల్లలున్న తరగతిలో చురుకైనవాడు విసుగు చెందుచుండగా, వెనుకబడినవాడు ఇంకను వెనుకబడుచుండగా చూచిన ఉపాధ్యాయునికి ఇట్టి పద్ధతి ఎంతో ఆకర్షణీయముగా తోచును.

వ్యాసములో బెన్నీ అని పిలువబడిన బాలుడు పన్నెండేండ్లవాడు, ఆరవ తరగతి విద్యార్థి. రెండవ తరగతి నుండియు ఈ పద్ధతిలోనే చదివినవాడు. తెలివిగలవాడు, సగటు విద్యార్థి కంటె ముందున్నాడని పాఠశాలలో పేరు పొందినవాడు. ఎర్ల్‌వాంగర్ అతని మార్కులను చూచి ఊరకుండక, అతనితో కూర్చుండి, ఒక్కొక్క లెక్కను ఎట్లు చేయుచున్నాడో చెప్పించినాడు. అప్పుడు బయటపడిన సంగతులు ఎవరినైనను కలతపెట్టును.

బెన్నీ సూత్రములు

2/10ని దశాంశముగా వ్రాయుమనగా బెన్నీ 1.2 అని వ్రాసినాడు. 5/10కి 1.5 అన్నాడు. లవమును హారమును కూడి, వచ్చిన సంఖ్యలో తగినచోట బిందువు నుంచుటయే అతని సూత్రము. రెండును పదియు కలిసి పన్నెండు, కావున 1.2. ఈ సూత్రము ప్రకారము 400/400 విలువ 8.00 అయినది. 4/11 అన్నను 11/4 అన్నను అతనికి ఒకటే, 1.5. ఒకటి కంటె చిన్నదైన భిన్నమునకును, రెండున్నర కంటె పెద్దదైన భిన్నమునకును ఒకే విలువ వచ్చుట అతనికి వింతగా తోచలేదు.

దశాంశముల కూడికలో ఇంకొక వింత. 0.3, 0.4 కూడుమనగా అతడిచ్చిన జవాబు 0.07. రెండు సంఖ్యలలోను బిందువులున్నవి కనుక జవాబులో బిందువు తరువాత రెండు స్థానములుండవలెనని అతని వాదము. ఈ సూత్రము గాలిలో పుట్టినది కాదు. గుణకారమునకు ఇది సరియైన సూత్రమే. 0.7ను 0.5తో గుణింపుమనగా అతడు 0.35 అని సరిగా చెప్పినాడు. గుణకారపు పత్రములలో అతనికి మంచి మార్కులు వచ్చుటలో ఆశ్చర్యము లేదు. ఆ సూత్రము ఎచ్చట చెల్లును, ఎందుకు చెల్లును అను రెండు ప్రశ్నలు అతని మనస్సులో ఎన్నడును పుట్టలేదు.

1957లో దశాంశ నాణెములు వచ్చిన నాటి నుండి రూపాయికి 100 పైసలు. ముప్పది పైసలు, నలుబది పైసలు కలిపి ఏడు పైసలే అయినవని ఎవరైన చెప్పినచో చిన్న పిల్లవాడైనను ఒప్పుకొనడు. 0.07 అను జవాబు చెప్పుచున్నది సరిగా ఆ మాటయే. చేతిలోని డబ్బులను లెక్కించునప్పుడు మేలుకొని యుండు బుద్ధి, కాగితము మీద బిందువు కనబడగానే పనిచేయుట మానుచున్నది. గణిత బోధనలో నిజమైన ప్రమాదము ఇచ్చట నున్నది.

సోమరితనము వలన బెన్నీ ఇట్లు చేయలేదు. అతడు శ్రమపడి ఆలోచించినాడు. తన సూత్రములను నియమము తప్పక పాటించినాడు. కాని గణితమనగా ఎవరో మేధావులు పూర్వము కల్పించిన సూత్రముల రాశియనియు, భిన్నములకే నూరు రకముల సూత్రములున్నవనియు అతని అభిప్రాయము. ఒకే విలువను పలు రూపములలో వ్రాయవచ్చునని అతడెరుగును. పట్టికలో ఒక రూపమే ఉండును. 1/2కు బదులు 2/4 అని వ్రాసినచో తప్పు గుర్తు పడును. కాబట్టి నేర్చుకొనుట యనగా పట్టికలో దాగియున్న జవాబును వెదకి పట్టుకొనుటయే అని అతడు నిశ్చయించుకొన్నాడు.

వ్యాసమునకు గల హద్దులు

వ్యాసము బలమంతయు ఆ సంభాషణలలోనే ఉన్నది. మార్కుల పట్టికలు చూపజాలనిదానిని అవి చూపినవి. 80 అను అంకెను కొంచెము పరిశీలించినను విషయము తెలియును. ఇరువది లెక్కలలో నాలుగు తప్పినను విద్యార్థి ఉత్తీర్ణుడే. ఆ నాలుగు తప్పులును ఒకే దురభిప్రాయము నుండి పుట్టినవైనచో, ఆ అభిప్రాయము చెక్కుచెదరక అతనితో కూడ పై మెట్టు ఎక్కును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల పదవ తరగతి పరీక్షలలో గణితమునకు ఉత్తీర్ణత మార్కులు నూటికి 35. ఇచ్చట దాగుటకు ఎంత చోటున్నదో చెప్పనక్కరలేదు.

అయినను ఈ వ్యాసము నుండి అది నిరూపింపని నిర్ణయములను తీయరాదు. ఇది ఒక బాలుని కథ. ఆ పద్ధతిలో చదివినవారిలో ఎందరు బెన్నీ వంటివారో ఇది చెప్పదు. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద పాఠము చెప్పు తరగతులలో ఇట్టివారు లేరనియు ఇది చూపలేదు. 1/2, 1/3 కూడి 2/5 అని వ్రాయు విద్యార్థులు అట్టి తరగతులలోను కనబడుచునే యున్నారు. కావున తప్పంతయు అభ్యాస పత్రములపై మోపుట న్యాయము కాదు. పద్ధతి ఏదైనను, జవాబును మాత్రమే చూచి ఆలోచనను అడుగకుండుట అసలు దోషము. నేడు కంప్యూటరు తెరపై ఎవరి వేగమున వారు చదువు పాఠములు వచ్చినవి. తెరయు పట్టిక వలె జవాబును మాత్రమే సరిచూచునదైనచో, పాత దోషమే క్రొత్త వేషము వేసికొనును.

సూత్రములు, అభ్యాసము పనికిరావని తలచుట మరియొక పొరపాటు. ఎక్కములు రాని విద్యార్థికి ఆలోచించుటకు పనిముట్లే ఉండవు. సూత్రము వలెనే దాని కారణము కూడ పాఠములో భాగము కావలెను.

తరగతిలో చేయదగినది

ఎర్ల్‌వాంగర్ బెన్నీకి ఇచ్చినంత కాలమును ఉపాధ్యాయుడు ప్రతి విద్యార్థికిని ఈయజాలడు. కాని కొన్ని పనులకు అదనపు కాలము అంతగా పట్టదు. లెక్క చేయుటకు ముందు జవాబు ఒకటి కంటె పెద్దదా, చిన్నదా అని అడుగవచ్చును. పది భాగములలో రెండు భాగములు మొత్తము కంటె ఎక్కువ కాజాలవని గ్రహించిన విద్యార్థి 1.2 అని వ్రాయడు. జవాబు తప్పినప్పుడు మాత్రమే కాక, సరియైనప్పుడును "ఎట్లు వచ్చినది?" అని ప్రశ్నింపవచ్చును. ఒక తప్పు జవాబును, వ్రాసినవారి పేరు చెప్పకుండ, నల్లబల్లపై ఉంచి అది ఏ ఆలోచన వలన పుట్టియుండునో తరగతినే కనుగొనుమనవచ్చును. ప్రశ్న పత్రములో ఒక్క ప్రశ్నయైనను కారణమును అడుగునదిగా ఉండవలెను.

విద్యార్థులు కూడ ఈ పరీక్షను తమకు తామే పెట్టుకొనవచ్చును. లెక్క ముగిసిన పిదప జవాబుల పుట తెరచుటకు ముందు, ఆ జవాబు ఎందుకు సరియైనదో ప్రక్కనున్న స్నేహితునికి చెప్పి చూడవలెను. చెప్పగలిగినచో ఆ లెక్క వచ్చినట్లే. చెప్పలేనిచో, మార్కులు ఎన్ని వచ్చినను, ఆ పాఠమును మరల ఒకసారి చదువవలసి యున్నది.