శస్త్రవైద్య విద్యార్థి చేతికి పరీక్ష ఏది?

శస్త్రవైద్యంలో ఉన్నత పట్టా కోరే విద్యార్థి పరీక్షాధికారుల ముందు ఏం చేస్తాడు? రోగిని పరిశీలించి రోగనిర్ణయం చెబుతాడు. పనిముట్లను, ఎక్స్‌రేలను గుర్తిస్తాడు. ఫలానా ఆపరేషన్ ఎలా చేయాలో వరుసగా ఏకరువు పెడతాడు. మూడేళ్లలో చేసినవి, చూసినవి లాగ్‌బుక్‌లో లెక్కగా ఉంటాయి. కాని అతడు కత్తి పట్టగా, ముడి వేయగా చూసి మార్కులు వేయడం మన దేశంలో అరుదు. పరీక్ష నోటికే గాని చేతికి కాదు.

పెద్ద బోధనాసుపత్రులలో ఈ లోపం అంతగా బయటపడదు. తప్పబోయే చేతిని ఆపే పెద్దలు పక్కనే ఉంటారు. భద్రాచలం సంగతి వేరు. ఖమ్మానికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న అక్కడి ఏరియా ఆసుపత్రికి చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల కోయలే కాక, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం మండలాల వారూ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గ్రామాల వారూ వస్తారు. పేగు చిక్కుకుని బిగిసిన హెర్నియాతో అర్ధరాత్రి వచ్చిన కూలీని వరంగల్లుకు పంపితే, చేరేలోగా ఆ పేగు చచ్చిపోవచ్చు. శస్త్రవైద్య విద్యార్థులతో సహా పోస్టుగ్రాడ్యుయేట్లందరూ మూడు నెలలు జిల్లా ఆసుపత్రులలో పనిచేయాలని 2020లో నియమం వచ్చింది. మంచి నియమమే. అయితే ఆ వచ్చే విద్యార్థి దేనిని ఒంటరిగా చేయగలడో, దేనికి పెద్దల తోడు కావాలో లాగ్‌బుక్‌లోని అంకె చెప్పదు.

అంకెనే నేర్పుగా భావిస్తే ఏమవుతుందో పొరుగు రాష్ట్రం చూసింది. 2014 నవంబరులో బిలాస్‌పూర్ వద్ద ఒక శిబిరంలో ఒకే శస్త్రవైద్యుడు కొద్ది గంటలలో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశాడు. పదిమందికి పైగా మరణించారు. కారణం మందులా, అపరిశుభ్రతా అన్న వివాదం అటుంచితే, యాభైవేల ఆపరేషన్లు చేశాడని అదే ఏడాది ఆయనకు ప్రభుత్వ సత్కారం జరిగింది!

వైద్యం తెలియకనే వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని అబూదావూద్ తదితర సంకలనాలలోని ఒక హదీసు భావం. హిజ్రీ 319 (క్రీ.శ. 931)లో బగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వల్ల రోగి మరణించగా, ఖలీఫా ముఖ్తదిర్ ఆజ్ఞపై సినాన్ ఇబ్న్ సాబిత్ ఎనిమిది వందల అరవై మందికి పైగా వైద్యులను పరీక్షించాడు. చదువురాని ఒక వృద్ధుడు తన అజ్ఞానాన్ని దాచకుండా ఒప్పుకున్నాడు. సినాన్ అతని జీవనాధారం తీసివేయలేదు. తెలియని రోగం జోలికి పోరాదనీ, మామూలు జబ్బులకు తప్ప రక్తం తీయించరాదనీ షరతు పెట్టి వదిలాడు. హద్దులు గీసి ఇచ్చిన అనుమతి అది. పన్నెండవ శతాబ్దంలో షైజరీ రచించిన హిస్బా గ్రంథం మరో అడుగు వేసింది: నరం కోసి రక్తం తీయడం నేర్చేవాడు ముందుగా ఆకుకూర ఈనెలపై చేయి స్థిరపడేదాకా సాధన చేయాలంటుంది.

ఈ గాథలు వల్లించి ‘అంతా మనవారే చేశారు’ అని మురిసిపోయే ప్రసంగాలకు కొదువ లేదు. షైజరీ రాసింది జరగవలసిన దానిని. బజారులో జరిగిన దానిని కాదు. కుర్తుబా శస్త్రవైద్యుడు జహ్రావీ తన కాలంలో నేర్పరులే కరువయ్యారని వాపోయాడు. మెడమీద గడ్డ కోయబోయి రక్తనాళాలు తెగ్గొట్టి ఒక స్త్రీని చంపిన మూర్ఖ వైద్యుని ఉదంతం ఆయన గ్రంథంలోనే ఉంది.

1997లో కెనడాలోని టొరంటో వైద్యులు ప్రకటించిన పరీక్షా పద్ధతి ఆ ఆకుకూర సాధనకు దూరపు చుట్టం. విద్యార్థి బల్లపై నమూనాలను కోసి, కుట్టి చూపాలి. కణజాలాన్ని ఎంత సున్నితంగా పట్టాడు, వృథా కదలికలు ఎన్ని, సహాయకులను ఎలా వాడుకున్నాడు వంటి ఏడు అంశాలకు పరీక్షకుడు ఒకటి నుండి అయిదు వరకు మార్కులు వేస్తాడు. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఖమ్మం మాంసం దుకాణంలో దొరికే మేకపేగుపై కుట్లు వేయించవచ్చు. లోపమూ ఉంది. బల్లమీది పేగు నుండి రక్తం చిమ్మదు, దాని బంధువులు తలుపు దగ్గర ఏడవరు. కనుక ఆపరేషన్ గదిలోనూ అదే కొలతతో, వేర్వేరు పెద్దలు, పలుమార్లు చూడాలి. బయటి పరీక్షకులను పిలిచే ఏర్పాటు ఇప్పటికే ఉంది. వారు ఒక పూట చేయి చూడటానికి వెచ్చించాలి.

ఆ మీదట సినాన్ షరతు వంటి కాగితమొకటి అవసరం. ‘మామూలు హెర్నియా ఒంటరిగా చేయవచ్చు, పేగు కత్తిరించవలసివస్తే పెద్దలను పిలవాలి’ అని కళాశాల రాసి, సంతకం చేసి పంపాలి. పిలిస్తే వచ్చే పెద్దలను భద్రాచలంలో ఉంచడం ప్రభుత్వం పని.