సగంలో ఆగిన అంబాసిడర్

షెడ్డు మూలన ఒక అంబాసిడర్. ఇంజను ఒకచోట, డోర్లు ఇంకోచోట, నట్లూ బోల్టులూ గోనెసంచిలో. ఎవరో ఉత్సాహంగా విప్పి మధ్యలో వదిలేసిన బండి. దాన్ని అందుకున్న మంచి మెకానిక్ వెంటనే స్పానర్ పట్టడు. సామానంతా నేలమీద పరిచి, ఏది ఎక్కడిదో పోల్చుకుని చీటీలు కడతాడు. ఆ ఓపిక చూసి తీరాలి.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి పుట్టి, కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైన బండి ఇది.

అసలు కష్టం ముందువాళ్ల పనిని చదవడంలో ఉంది. రేకు మీద అయస్కాంతం పెడతాడు. గట్టిగా అతుక్కుంటే సరే. జారిపోతే అక్కడ పుట్టీ మందంగా మెత్తారన్నమాట. ఈ బండికి విడిగా ఛాసీ లేదు, బాడీయే ఎముకల గూడు. డోర్ల కింద తుప్పుపట్టిన రేకు కోసేముందు లోపల అడ్డకడ్డీలు బిగించకపోతే బండి కుంగుతుంది, ఆ తర్వాత డోరు సరిగా పడదు. అందుకే అతని చూపు మొదట డోరు సందుల మీదికే పోతుంది.

ఇంజను దగ్గరా ఇదే జాగ్రత్త. క్రాంకును పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాపులను బ్లాకుతో కలిపి బోరు చేస్తారు. ఒకదాని చోట ఇంకోటి బిగిస్తే క్రాంకు పట్టేస్తుంది. సంచిలో కలగాపులగమైన క్యాపుల వరస తేల్చడానికే ఒక పూట పడుతుంది, ఆ పూట వృథా కాదు.

విప్పకుండానే ఏళ్లుగా కదలక పడి ఉన్న ఇంజనైతే ప్లగ్గుల రంధ్రాల్లో నూనె పోసి, కొన్నాళ్లు నాననిచ్చి, చేత్తోనే మెల్లగా తిప్పుతాడు. నాలుగు పిస్టన్లూ కదిలాయని చేతికి తెలిశాకే బ్యాటరీ తగిలిస్తాడు.