కహాల్ గీసిన చిన్నమెదడు

బొమ్మలో ఉన్నది ఒకే ఒక్క కణం. అడుగున ఉబ్బెత్తుగా కణదేహం, దానిలోంచి పైకి లేచిన లావాటి మొదలు, అది రెండుగా చీలి, చీలినవి మళ్ళీ మళ్ళీ చీలి, కాగితం నిండా పరుచుకున్న కొమ్మలు. కిందికి మాత్రం ఒకే ఒక సన్నని పోగు. మనిషి చిన్నమెదడులో ఉండే పుర్కింజీ కణం ఇది. స్పెయిన్ దేశపు శాంతియాగో రమోన్ ఇ కహాల్ 1899 ప్రాంతంలో సిరాతో గీశాడు. మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుందో చెప్పే పట్టికలు ఎన్ని బట్టీ పట్టినా, ఈ బొమ్మను నిదానంగా చూస్తే తెలిసినంత తెలియదని నా గట్టి నమ్మకం.

ముందు ఆ గీత చూడాలి. మొదట్లో చిక్కగా, బరువుగా ఉన్న నలుపు కొమ్మకొమ్మకూ పలచబడి కొసలకు చేరేసరికి వెంట్రుకవాసి అవుతుంది. ఇన్ని వందల రెమ్మలున్నా ఒకదాని మీదికి మరొకటి పోవడం అరుదు. అది చిత్రకారుడి ముచ్చట కాదు, కణం పెరిగే తీరే అంత. కొమ్మల నడుమ అక్కడక్కడ గుండ్రటి ఖాళీలు వదిలాడు. అవి సన్నని రక్తనాళాలూ, పొరుగు కణాలూ ఉండే చోట్లు. కనిపించని వాటి జాగాను కూడా అంత ఒబ్బిడిగా చూపించాడంటే ఆ చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ చేయి ఊరికే రాలేదు. 1852లో పుట్టిన కహాల్‌కు చిన్నప్పటి నుంచీ బొమ్మల పిచ్చి. వైద్యుడైన తండ్రికి అది బొత్తిగా గిట్టదు. చివరికి తండ్రే పాత శ్మశానంలో ఏరుకొచ్చిన ఎముకలు ముందు పెట్టి శరీరశాస్త్రం చెప్పాడు. కొడుకు ఆ ఎముకలనే గీస్తూ వైద్యంలోకి వచ్చాడు.

ఇటలీ వైద్యుడు కామిలో గోల్జీ 1873లో ఒక పద్ధతి కనిపెట్టాడు. మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేట్‌లో నానబెట్టి, ఆపైన సిల్వర్ నైట్రేట్‌లో ఉంచితే కొన్ని కణాలు కొసల దాకా నల్లబడతాయి. నూటికి ఏ కొన్నో. అదే మంచిదైంది. అన్నీ నల్లబడితే ఏ పోగు ఎవరిదో తేలేది కాదు. కాకపోతే ఆ రసాయనం ఒకసారి పనిచేస్తే మరోసారి మొరాయించేది. 1887లో మాడ్రిడ్‌లో వైద్యుడు లూయిస్ సిమారో దగ్గర ఆ స్లైడ్లు చూసిన కహాల్ పద్ధతిని మరమ్మతు చేశాడు. ముక్కను రెండుసార్లు నానబెట్టాడు, కాస్త మందంగా కోశాడు. అన్నిటికన్నా తెలివైన పని ఇంకొకటి. పిండదశలోని, అప్పుడే పుట్టిన పక్షుల, జంతువుల మెదళ్ళు తీసుకున్నాడు. పోగుల చుట్టూ కొవ్వు తొడుగు ఇంకా ఏర్పడదు గనక రంగు చక్కగా పడుతుంది. 1888 మేలో సొంత డబ్బుతో పత్రిక పెట్టి, పక్షుల చిన్నమెదడు మీద తన బొమ్మలు అందులో అచ్చేశాడు.

చిన్నమెదడును ఎంచుకోవడం సరైన ఎంపిక. తల వెనక, పెద్దమెదడు కింద ఉండే ఈ భాగం పరిమాణంలో మొత్తం మెదడుకు పదోవంతు. కానీ మన సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో దాదాపు 80 శాతం ఇక్కడే ఉన్నాయి. వాటిలో అత్యధికం గ్రాన్యూల్ కణాలనే బుల్లి కణాలు. ఒక్కొక్కటీ సన్నని పోగును పైకి పంపుతుంది. అది పై పొరలో రెండు వైపులా చీలి తిన్నగా సాగిపోతుంది. పుర్కింజీ కణం కొమ్మలు తాటాకు విసనకర్రలా ఒకే తలంలో పరుచుకుంటాయి. ఎదురుగా చూస్తే బోలెడంత వెడల్పు, పక్కనుంచి చూస్తే గీతంత. ఆ తలానికి అడ్డంగా గ్రాన్యూల్ పోగులు దూసుకుపోతాయి. ఒక్క పుర్కింజీ కణానికి లక్షకు పైగా పోగులు ఇలా తగులుతాయి. ఇవి కాక, మెదడు కాండం నుంచి వచ్చిన ఒకే ఒక్క పోగు తీగలాగా దాని కొమ్మలను పెనవేసుకుని పైకి పాకుతుంది. ఆ పాకే పోగును బయటపెట్టిందీ కహాలే.

ఇంత అమరిక దేనికి? కాఫీ గ్లాసు కోసం చాచిన చేయి సరిగ్గా గ్లాసు దగ్గర ఆగడానికి. కదలికకు ఆజ్ఞ పెద్దమెదడు ఇస్తుంది. దాని కొలతా వేళా చిన్నమెదడు దిద్దుతుంది. పుర్కింజీ కణం కిందికి పంపే ఆ ఒక్క పోగు ఉత్తేజపరచదు, అదుపు చేస్తుంది. జపాన్‌లో మసావో ఇటో బృందం 1960లలో ఇది నిరూపించింది. చిన్నమెదడు దెబ్బతింటే కాళ్ళూ చేతులూ చచ్చుపడవు, లెక్క తప్పుతాయి. వేలితో ముక్కు తాకమంటే దగ్గరపడే కొద్దీ చేయి వణుకుతుంది, గురి దాటిపోతుంది.

కహాల్ అన్ని బొమ్మలనూ ఉన్నదున్నట్టు దించలేదు. చాలా స్లైడ్లు చూసి, మనసులో పట్టుకుని, కొన్నిటిని ఒకే కాగితం మీద కూర్చాడు. దాన్ని తప్పుపట్టేవారున్నారు. ఒక్క స్లైడులో ఒక కణం సగమే దొరుకుతుంది, ఆ సగాల మధ్య సంబంధం చూపడానికి మరో దారి లేదు. అందుచేత నాకది తప్పుగా తోచదు. పైగా ఎక్కడ కలపకూడదో అక్కడ ఆయన కలపలేదు. నాడీకణాలన్నీ కలిసి ఒకే వల అని గోల్జీ వాదన. ఏ కణానికాకణం విడి, పోగు చివర ఆగిపోతుంది, అతుక్కోదు అని కహాల్ బొమ్మలు చెప్పాయి. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, గోల్జీ ఆ వేదిక మీదే కహాల్ సిద్ధాంతాన్ని ఖండించాడు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కణానికీ కణానికీ మధ్య ఎడాన్ని చూపించింది. దాని వెడల్పు సుమారు 20 నానోమీటర్లు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేవి కొమ్మల మీది ముళ్ళు. పుర్కింజీ రెమ్మల నిండా నూగులాంటి సన్నని మొనలుంటాయి. అది వెండి మడ్డి అని చాలామంది కొట్టిపారేశారు, తమ బొమ్మల్లో వదిలేశారు. కహాల్ వదల్లేదు. వెండితో నిమిత్తం లేని మిథిలీన్ బ్లూ రంగు వేసి 1896లో మళ్ళీ చూశాడు, ముళ్ళు అక్కడే ఉన్నాయి. 1959లో ఇ.జి. గ్రే అనే శాస్త్రవేత్త పెద్దమెదడు కణాల మీద అలాంటి ముళ్ళనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి, పోగులు వచ్చి ఆనేది వాటికేనని చూపాడు. పుర్కింజీ కణం మీద గ్రాన్యూల్ పోగులు ఆనేదీ ముళ్ళ మీదే. పాకే పోగు నుంచి సంకేతం వచ్చిన వేళ పనిలో ఉన్న ముళ్ళ దగ్గర, గ్రాన్యూల్ పోగు ముల్లుకు ఆనే సంధి బలం తగ్గుతుంది. సైకిల్ నేర్చుకునే పిల్లవాడి తప్పటడుగులు సర్దుకోవడంలో ఈ మార్పుకు పెద్ద పాత్ర ఉందని ఇటో వాదించాడు.