పరీక్షకురాలి నేర్పు

మెదడు దెబ్బతిన్న మనుష్యుని యెదుట కూర్చుండి, చిన్న చిన్న ప్రశ్నలతోడను, చెక్కముక్కల కూర్పుతోడను, వాని బుద్ధిలో నేది నిలిచినదో యేది తొలగినదో ఓర్పుతో తేల్చు పరీక్షకుల విద్య, నా దృష్టిలో, శస్త్రవైద్యుని విద్యకు తీసిపోవునది కాదు. మూర్ఛరోగ నివారణార్థము 1953లో హార్ట్‌ఫర్డ్ నగరమున మెదడునకు శస్త్రచికిత్స పొందిన హెన్రీ మొలైసన్‌ను, 1955లో మాంట్రియల్ నుండి వచ్చిన బ్రెండా మిల్నర్ పరీక్షించినపుడు, ఆతని ప్రజ్ఞాంకము 112గా, సగటును మించియే యుండెను. జ్ఞాపకశక్తి కొలత మాత్రము 67కు దిగజారియుండెను. మొదటి యంకెతో తృప్తిపడువారికి ఆతడు ఆరోగ్యవంతుడే! ఆమె తృప్తిపడలేదు. క్రొత్త పరీక్షకు మరలినంతనే వెనుకటిదానిని సమూలముగ మఱచు నా సౌమ్యునితో విసుగెఱుగక పనిచేసి, బుద్ధియు స్మృతియు వేఱని నిరూపించినది. అద్దమున చూచుచు నక్షత్రపు బొమ్మ గీయు పరీక్షను తానెన్నడును చేసి యెఱుగననుచునే యాతడు గీయుచుండగా, దినదినమునకు ఆతని చేయి కుదురుకొనుటను సైతము ఆమె పట్టుకొనినది.